వేసవి ప్రయాణానికి ముందు జపాన్ సెలవుల పట్టిక చూడండి

సంపాదకులు గారికి నమస్కారములు.

వేసవి దగ్గరపడేసరికి మన పత్రికల్లో విదేశీ యాత్రల ప్రకటనలు మొదలవుతాయి. కొన్నేళ్లుగా వాటిలో జపాన్ పేరు తరచుగా కనిపిస్తోంది. విమాన ఛార్జీలు, హోటళ్లు, భారతీయ భోజనం, వీసా, అన్నీ వివరంగా రాస్తారు. మనం వెళ్లే వారంలో ఆ దేశంలో సెలవులున్నాయా, ఉంటే ఎన్ని రోజులు అన్న సంగతి మాత్రం నేను చూసిన ఏ ప్రకటనలోనూ లేదు. అది తెలియక మా కుటుంబం పడ్డ ఇబ్బందినీ, ఆ తర్వాత నేను తెలుసుకున్న వివరాలనూ తోటి పాఠకులకు చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ బడులు ఏప్రిల్ ఆఖరి వారంలో మూసి, జూన్ రెండో వారంలో తెరుస్తారు. పిల్లలున్న ఇళ్లలో సెలవులు ఇచ్చిన మూడు నాలుగు రోజులకే ప్రయాణం పెట్టుకోవడం సహజం. సరిగ్గా అప్పుడే జపాన్‌లో ‘గోల్డెన్ వీక్’ అనే సెలవుల వరుస వస్తుంది. ఏప్రిల్ 29 షోవా దినం (ఒకప్పటి చక్రవర్తి పుట్టినరోజు), మే 3 రాజ్యాంగ స్మారక దినం, మే 4 పచ్చదనం దినం, మే 5 బాలల దినం. వారాంతాలు కలిసివచ్చి, మధ్య రోజులకు ఉద్యోగులు సొంత సెలవు పెట్టుకుంటే వారం పది రోజుల విరామం అవుతుంది. ఆ దేశవాసులు స్వగ్రామాలకూ, వేడినీటి ఊటల ఊళ్లకూ, క్యోటో వంటి పాత నగరాలకూ ఒక్కసారిగా బయల్దేరే కాలం అదే.

2024లో నేను, మావారు, మా అమ్మాయి, ఏడో తరగతి పూర్తిచేసిన మనవడు ఆ రద్దీలోకే వెళ్లాం. తేదీలు మేమే చెప్పాం. టికెట్లు తీసిచ్చిన ఏజెంటు వాటి గురించి మారుమాట అనలేదు. మే 3, శుక్రవారం ఉదయం టోక్యో స్టేషనుకు వెళ్లి క్యోటోకు టికెట్ అడిగితే, రెండుంబావు గంటల్లో చేర్చే ‘నోజోమీ’ బుల్లెట్ రైళ్లలో సాయంత్రం దాకా సీట్లు లేవన్నారు. మామూలు రోజుల్లో ఆ రైళ్లకు రిజర్వేషన్ అక్కరలేని పెట్టెలు కొన్ని ఉంటాయి. సంవత్సరాంతం, గోల్డెన్ వీక్, ఆగస్టులో వచ్చే ఓబోన్ పండుగ రద్దీ రోజుల్లో మాత్రం ఆ పెట్టెలను కూడా రిజర్వేషన్‌కే కేటాయిస్తున్నారు. ఈ పద్ధతి 2023 డిసెంబరు ఆఖరులో మొదలైందని తిరిగొచ్చాక తెలిసింది. చివరికి ప్రతి స్టేషనులో ఆగే ‘కొదమా’ రైలు ఎక్కి, షిజుఓకా దాకా నిలబడి ప్రయాణం చేశాం. మోకాళ్ల నొప్పులున్న మావారు ఒక్క మాటా అనకుండా కడ్డీ పట్టుకుని నిలబడటం చూస్తుంటే నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

క్యోటోలో మాకు దొరికిన గదికి మామూలు ధరకు రెట్టింపు చెల్లించాం. సిటీ బస్సులు నిండిపోయి కొన్ని ఆగకుండానే వెళ్లిపోయాయి. ఫుషిమి ఇనారి ఆలయం దగ్గర ఎర్ర తోరణాల వరుస కింద అడుగు తీసి అడుగు వేయడానికే చాలాసేపు పట్టింది.

అన్నిటికంటే మనవడిని బాధపెట్టింది మ్యూజియం సంగతి. జపాన్‌లో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు. అది గుర్తుపెట్టుకునే మే 6, సోమవారం వేరే చోటికి వెళ్లి, మంగళవారం మ్యూజియానికి వెళ్లాం. తలుపులు మూసి ఉన్నాయి. సోమవారం ప్రభుత్వ సెలవైతే ఆ రోజు మ్యూజియం తెరిచి, మర్నాడు మూస్తారట. మర్నాడు మా తిరుగు విమానం కాబట్టి మనవడు ఎంతో ఆశపడిన సమురాయ్ కవచాలను చూడకుండానే వచ్చేశాం.

అయితే మే 6 ఎందుకు సెలవైంది? నాలుగు తేదీల్లోనూ అది లేదు కదా అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. నేను ముప్పై ఏళ్లు సాంఘిక శాస్త్రం బోధించిన దాన్ని. తెలుసుకుంటే చాలా ఆసక్తికరంగా అనిపించింది. జపాన్ సెలవులన్నీ 1948లో చేసిన చట్టం ప్రకారం నడుస్తాయి. ప్రస్తుతం అవి ఏడాదికి 16. వాటిలో ఏదైనా ఆదివారం వస్తే, ఆ తర్వాత సెలవు కాని మొదటి రోజును సెలవు చేస్తారు. 2024లో మే 5 ఆదివారం కాబట్టి సోమవారం ఆరో తేదీ సెలవైంది. 2026లో మే 3 ఆదివారం. నాలుగు, ఐదు తేదీలు ఎలాగూ సెలవులే కాబట్టి మళ్లీ ఆరో తేదీకే సెలవు దక్కుతుంది. ఇంకొక నియమం కూడా ఉంది. రెండు సెలవుల మధ్య చిక్కుకున్న పనిదినం తానూ సెలవవుతుంది. 2026 సెప్టెంబరులో 21వ తేదీ సోమవారం వృద్ధుల గౌరవ దినం, 23 బుధవారం శరద్విషువత్తు, అంటే పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజు. మధ్యనున్న మంగళవారం కలిసి, ముందున్న శని, ఆదివారాలతో అయిదు రోజుల వరుస ఏర్పడుతుంది. విషువత్తు తేదీని లెక్కకట్టి ముందటి ఏడాది ఫిబ్రవరిలో ప్రభుత్వ గెజెట్‌లో ప్రకటిస్తారు. కాబట్టి నిరుటి క్యాలెండరు చూసి ఈ ఏటి ప్రయాణం నిర్ణయించుకోవడం కుదరదు.

ప్రభుత్వ సెలవుల పట్టిక చూస్తే సరిపోతుందా అంటే, అదీ చాలదు. కొత్త సంవత్సరానికి చట్టప్రకారం సెలవు జనవరి 1 ఒక్కటే, కానీ డిసెంబరు 29 నుంచి జనవరి 3 దాకా కార్యాలయాలు, చాలా మ్యూజియాలు, కొన్ని చిన్న భోజనశాలలు మూసే ఉంటాయి. పితృదేవతలను తలచుకునే ఓబోన్ ఆగస్టు మధ్యలో వస్తుంది. అది ప్రభుత్వ సెలవు కాదు, అయినా రైళ్లు కిటకిటలాడతాయి. ఇది మనకు అర్థం కాని విషయమేమీ కాదు. సంక్రాంతికి రెండు రోజుల ముందు హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే దారిలో పంతంగి టోల్‌గేట్ దగ్గర కార్ల బారులు ఎలా ఉంటాయో మనందరికీ తెలుసు. ఏ జపాన్ కుటుంబమైనా జనవరి 12న ఆ దారి పట్టాలనుకుంటే మనం వద్దని చెప్పమా? ఆ మాట మనకు చెప్పేవారు అక్కడ లేకపోవడమే తేడా.

ఈ జాగ్రత్త జపాన్ ఒక్కదానికే పరిమితం కాదు. ఏప్రిల్ 13 నుంచి 15 దాకా థాయ్‌లాండ్‌లో సోంగ్‌క్రాన్. వీధుల్లో నీళ్లు చల్లుకునే ఆ పండుగను చూడాలని వెళ్లేవారికి అది వేడుక, చంటిపిల్లలతో ఊరు చూద్దామని వెళ్లేవారికి ఇబ్బంది. చైనాలో జాతీయ దినోత్సవ సెలవులు అక్టోబరు 1న మొదలై వారం సాగుతాయి. 2025లో విజయదశమి అక్టోబరు 2న వచ్చింది కాబట్టి, దసరా సెలవులకు అటు వెళ్లినవారు నేరుగా ఆ జనంలోకే వెళ్లారన్నమాట.

గోల్డెన్ వీక్‌లో ఎవరూ వెళ్లవద్దని నేను అనడం లేదు. జపాన్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకునో కూతురినో చూడటానికి వెళ్లే తల్లిదండ్రులకు ఆ వారమే మేలు, పిల్లలు సెలవులో ఇంటి పట్టున దొరుకుతారు. బాలల దినానికి ఇళ్ల ముందూ, నదుల మీదుగా కట్టిన తాళ్లకూ రంగురంగుల చేపల జెండాలు గాలికి ఈదుతున్నట్టు ఎగురుతాయి. నిజానికి మా ప్రయాణంలో మా మనవడు ఇప్పటికీ తలచుకునేది వాటినే. అయితే అలా వెళ్లేవారు దూరపు రైళ్ల టికెట్లు ముందే తీసుకోవాలి. అక్కడి రైలు సీట్ల అమ్మకం సాధారణంగా ప్రయాణానికి సరిగ్గా నెల ముందు ఉదయం 10 గంటలకు మొదలవుతుంది, అంటే మనకు ఉదయం 6.30. మే 3 రైలుకు ఏప్రిల్ 3 తెల్లవారే మేలుకుని కూర్చోవాలి. ఇవేవీ అక్కర్లేనివారు రెండు వారాలు ఆగితే చాలు. మే రెండో వారం నుంచి ఆ నెలాఖరు దాకా వాతావరణం హాయిగా ఉంటుంది. టోక్యో, క్యోటో ప్రాంతాల్లో వానాకాలం సాధారణంగా జూన్‌లో గానీ మొదలుకాదు. మన బడులు తెరవడానికి అప్పటికింకా వ్యవధి ఉంటుంది. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాసే పిల్లలున్న ఇళ్లవారికి ఆ తేదీలు కుదరకపోవచ్చు, మిగిలినవారికి అడ్డేమీ లేదు.

తమరికి నాదొక విన్నపం. మీ పత్రిక పర్యాటక పేజీలో ఏ దేశం గురించి రాసినా, పక్కన చిన్న పెట్టెలో ఆ ఏడాది అక్కడి ప్రభుత్వ సెలవులనూ, పట్టికలో లేకపోయినా జనం కదిలే రోజులనూ ప్రచురించండి. యాత్రా సంస్థలవారు డబ్బు కట్టించుకునే ముందు ఇచ్చే కార్యక్రమ పత్రంలో, ప్రతి తేదీ ఎదుట ఆ రోజు అక్కడ సెలవో కాదో, చూపిస్తామన్న స్థలం తెరిచి ఉంటుందో లేదో రాసి ఇవ్వాలని మీ ద్వారా కోరుతున్నాను. మావారికి మళ్లీ అంత దూరం ప్రయాణం చేసే ఓపిక లేదు. మనవడిని మాత్రం ఈసారి మే 15 తర్వాత తీసుకువెళ్లమని మా అమ్మాయికి చెప్పాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు