డిట్ డిట్

తాడేపల్లిగూడెం

ఒరేయ్ బావా,

"నువ్వు కంప్యూటర్ మాస్టారివి ఎప్పుడయ్యావురా?" అని ఫోన్లో ఒకటే నవ్వావు. రైలు గోలలో ఏం చెప్పానో నాకే వినపడలేదు. అందుకే తీరిగ్గా రాస్తున్నా.

2013లో పెన్షన్‌తో ఇంటికొచ్చానా, పది రోజులు మర్యాదలు. పదకొండో రోజు నుంచి అందరిదీ ఒకటే పాట: "బ్యాంకులో గన్‌మ్యాన్‌గా చేరకూడదూ?" మాజీ సైనికుడంటే గేటు పక్క కుర్చీయేనా అని ఒళ్ళు మండింది. చివరి మూడేళ్ళూ యూనిట్ ఆఫీసులో లీవు లిస్టులూ రేషన్ లెక్కలూ ఎక్సెల్‌లో కొట్టింది నేనే కదా. ఆ ధైర్యంతో మాస్టారి ఉద్యోగం కోసం ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్తే, పదిహేనేళ్ళ సర్వీసుకి డిగ్రీతో సమానమని మనకిచ్చే కాగితాన్ని అటూ ఇటూ తిప్పి "ఇది మా దగ్గర చెల్లదండీ" అన్నారు. వాళ్ళ తప్పు కాదులే, అది సర్కారీ ఉద్యోగాల కోసం ఇచ్చేది. ముప్పై అయిదేళ్ళ వయసులో అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టాను. మా అమ్మాయి ఎక్కాలు వల్లిస్తుంటే పక్కన కూర్చుని నేనూ చదివాను. తర్వాత పీజీడీసీఏ అనే కంప్యూటర్ డిప్లొమా. ఆ తర్వాత ఉద్యోగం.

మొదటి క్లాసులో జబల్‌పూర్ ఆర్మీ ట్రైనింగ్ గొంతు బయటికొచ్చేసింది. ఒక్క అరుపుకి ముందు వరస కుర్రాడు లేచి అటెన్షన్‌లో నిలబడ్డాడు. పక్క గదిలో టాలీ చెప్పే మేడం తలుపు తీసి మరీ చూసింది.

అసలు సంగతి ఇది. యాభై ఏళ్ళ ఆవిడ, టైలరింగ్ చేస్తుంది, బిల్లులు తనే రాసుకుందామని చేరింది. డబుల్ క్లిక్ పడదు. భుజం నుంచి బలమంతా తెచ్చి నొక్కుతుంది, రెండు నొక్కులకీ మధ్య గుటక వేసేంత గ్యాప్. ఫోల్డర్ తెరుచుకోదు, పేరు మార్చమంటూ నీలంగా నిలబడుతుంది. నాలుగు రోజులు అదే వరస. అయిదో రోజు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

అప్పుడు ట్రైనింగ్‌లో మన ఉస్తాద్ గుర్తొచ్చాడు. చుక్కలూ గీతలతో సందేశాలు కొట్టే మోర్స్ కీ దగ్గర మణికట్టు మీద రూపాయి బిళ్ళ పెట్టేవాడు, పడిందా గ్రౌండ్ చుట్టూ పరుగు. నేనూ ఆవిడ చేతి మీద బిళ్ళ పెట్టి, "పడకూడదక్కా. నోటితో డిట్ డిట్ అంటూ వేలు మాత్రమే ఆడించండి" అన్నాను. మోర్స్‌లో ఐ అక్షరమేరా, రెండు చుక్కలు! ఇరవై ఏళ్ళ కిందట మనం తిట్లు తిని నేర్చుకున్నది.

డిట్ డిట్. తెరుచుకుంది. ఆవిడ నవ్వనైనా నవ్వలేదు. మూసేసి మళ్ళీ తెరిచింది. మళ్ళీ మూసింది.

ఇప్పుడు క్లాసంతా డిట్ డిట్ అంటోంది, పిచ్చాసుపత్రిలా ఉంది. పండక్కి రా, చూద్దువుగాని. ఆ రూపాయి బిళ్ళ మాత్రం ఆవిడ ఇంకా తిరిగివ్వలేదు.

నీ
హవల్దార్ మాస్టారు