మా అమ్మాయికి అండగా నిలబడ్డ మీ అందరికీ

ఈ పోస్టు పెట్టమన్నది మా అమ్మాయే. రాశాక తనే చదివింది. రెండు చోట్ల కొట్టేసింది, ఒక చోట "అమ్మా, అంత సీన్ లేదు" అంది. అక్కడ నేనే తగ్గించాను. కోవూరులో మా ఇంటి సంగతి ఇప్పటికే చాలామందికి తెలుసు, అదీ తలో రకంగా. ఇంక దాచేదేముంది? కానీ ఇంత మాట్లాడుకున్నవాళ్లలో ఒక్కరు కూడా మాకు సాయం చేసినవాళ్ల సంగతి ఎత్తలేదు. అందుకే ఇది. ఎవరి పేరూ, కాలేజీ పేరూ రాయను. ఎవరి గురించి రాశానో వాళ్లకి తెలుస్తుంది.

పాప పదో తరగతి అయ్యాక నెల్లూరులో బైపీసీలో చేరింది. రోజూ పెన్నా వంతెన దాటి బస్సులో పోయొస్తుంది. చేరిన కొత్తల్లోనే, 2025 జూలైలో, రొట్టెల పండగ వచ్చింది. క్లాసులో కొత్తగా కలిసిన ఆడపిల్లలు అయిదుగురూ కలిసి బారాషహీద్ దర్గాకి పోయారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు దాన్ని పట్టుకుంటారు, అదీ అక్కడి ఆనవాయితీ. స్వర్ణాల చెరువులో దిగి చదువు రొట్టె పట్టుకోవాలని దీని ఆశ. చదువు రొట్టె ఎవరిస్తారా అని వెతుకుతుంటే, సీనియర్ ఇంటర్ అబ్బాయి ఒకడు తన చేతిలోది ఇచ్చాడు. అంతకుముందు ఏడాది తను పట్టుకున్న కోరిక తీరిందట, మొక్కు చెల్లించడానికి వచ్చాడు. జరిగింది అంతే. దీనికి అది చదువు రొట్టే. మిగతా వాళ్లు మాత్రం చెరువు గట్టు ఎక్కేలోపే దానికి "లవ్ రొట్టె" అని పేరు పెట్టేశారు.

అబ్బాయి మంచివాడే. ఈ మాట రాస్తే మా చుట్టాలకి కోపం వస్తుంది, వస్తే రానీ. పాపకి వాడంటే ఇష్టం కలిగింది. కెమిస్ట్రీ నోట్సు ఇచ్చేవాడు, సాయంత్రం దీని బస్సు వచ్చేదాకా స్టాపులో నిలబడేవాడు. ఆ మాత్రానికే ఇంట్లో పాటలు మొదలయ్యాయి. అందరికంటే ముందు మా అవ్వ పసిగట్టింది. "ఏందే, చక్కంగా వేసిన జడ మళ్లా ఇప్పుతుండావు?" అంది. పదహారేళ్ల పిల్లకి ఇష్టం కలగడంలో వింతేముంది?

వచ్చిన తిప్పలంతా చుట్టూ ఉన్నవాళ్లతో. ఆ అయిదుగురికీ ఒక వాట్సాప్ గ్రూపు. రోజూ అక్కడ లెక్క అప్పజెప్పాలి. "ఈరోజు ఏం మాట్లాడుకున్నారు? స్క్రీన్‌షాట్ పెట్టు." "ఇంకా చెయ్యి కూడా పట్టుకోలేదా? పల్లెటూరి బైతువి." అటు అబ్బాయి వైపు ఫ్రెండ్సుదీ అదే పాట. "ఒక్క ఫొటో కూడా లేదంటే నువ్వు కోతలు కోస్తున్నట్టే." పాప తర్వాత నాతో అన్న మాట ఇది: "మేమిద్దరం ఏం మాట్లాడుకోవాలో కూడా వాళ్లే చెప్పేవాళ్లమ్మా. కొన్నాళ్లకి నాకు వాడంటే ఇష్టమా, వాళ్ల దగ్గర మాట పడకుండా ఉండటం ఇష్టమా అర్థం కాలేదు."

కార్తీక మాసంలో క్లాసు ఎగ్గొట్టి మైపాడు బీచికి పోదామని గ్రూపులో తీర్మానమైంది. సముద్ర స్నానాల జనంలో ఎవరూ పట్టించుకోరని వాళ్ల ప్లాను. ఆడపిల్లలు బస్సులో, మగపిల్లలు బైకుల మీద. అక్కడికి పోయాక అందరూ ఫోన్లు బయటికి తీసి, ముద్దు పెట్టుకుంటే వీడియో తీస్తామన్నారు. నిజంగా లవ్వయితే ప్రూవ్ చెయ్యమన్నారు. పాప వద్దంది. వాడు తల వంచుకుని నిలబడ్డాడు. ఎవరో వెనక నుంచి ఇద్దరినీ ఒకరి మీదకి ఒకర్ని తోశారు, ఇంకొకడు తీశాడు. పాప బ్యాగు తీసుకుని ఒక్కతే బస్సు దగ్గరికి నడిచింది.

ఇక్కడి నుంచి నేను దణ్ణాలు పెట్టాల్సిన మనుషులు వస్తారు.

మొదట ఆ పల్లెవెలుగు బస్సు కండక్టరమ్మ. పొద్దున పాపకి జీరో టికెట్టు కొట్టిచ్చింది ఆమే. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక ఆడపిల్లలు ఎక్కడికి పోతే ఎవరడుగుతారు అని మా వీధిలో కొందరు ఇప్పటికీ సాగదీస్తుంటారు. అడిగేవాళ్లు ఉన్నారు. తిరుగు ట్రిప్పులో పాపని చూసి, "పొద్దున అయిదుగురు ఎక్కారు, ఇప్పుడు ఒక్కదానివేనా?" అని అడిగిందట. దానికి ఏడుపు ఆగలేదు. ఆమె ఇంకో ప్రశ్న వెయ్యలేదు. తన సీటు పక్కన కూర్చోబెట్టి, క్యాష్ బ్యాగు దీని ఒళ్లో పెట్టి, "ఇది పట్టుకో, నేను టికెట్లు కొట్టొస్తా" అని బస్సంతా తిరిగొచ్చింది. ఏడ్చే పిల్లకి డబ్బుల సంచి అప్పజెప్పడం ఏంటని మొదట విన్నప్పుడు నేనూ అనుకున్నాను. పాప చెప్పింది, దాన్ని జాగ్రత్తగా పట్టుకోవాలన్న ధ్యాసలో ఏడుపు ఆగిపోయిందట. తర్వాత నంబరు అడిగి నాకు ఫోన్ చేసింది: "మీ పాప నా బస్సులో ఉంది, ఏం కాలేదు. బస్టాండుకి రండి. రాగానే తిట్టబాకండి, అన్నం పెట్టి అడగండి." ఆ రోజు ఇంట్లో అన్నం తర్వాతే మాటలు నడిచాయి. అమ్మా, మీ పేరు కూడా అడగలేదు నేను. మైపాడు రూటులో పోయేవాళ్లు ఎవరైనా ఆమెకి ఇది చదివి వినిపించండి.

సాయంత్రానికి ఆ వీడియో క్లాసు గ్రూపుల్లో తిరిగింది. కొన్ని సెకన్ల ముక్క, అందులో ఏమీ లేదు. ఏమీ లేనిదాంట్లోనే జనానికి ఎక్కువ కనిపిస్తుంది. మర్నాడు కాలేజీకి పిలిచారు. "గొడవలెందుకు, టీసీ తీసుకుపోండి, వేరే చోట చేర్చుకోండి" అని సలహా ఇచ్చారు. మా ఆయన రొయ్యల చెరువు కాపలా నుంచి నేరుగా వచ్చారు, నిద్ర లేదు, అన్నిటికీ తల ఊపుతున్నారు. అప్పుడు కెమిస్ట్రీ మేడం లేచారు. "తోసినవాడు, తీసినవాడు, పంపినవాళ్లు క్లాసులోనే ఉంటారు, వద్దన్న పిల్ల మాత్రం పోవాలా సార్?" అన్నారు. గది నిశ్శబ్దమైపోయింది. ఆ తర్వాత ఆమె ఊరుకోలేదు. వీడియో ఉన్న ప్రతి పిల్లాడినీ తల్లిదండ్రులతో పిలిపించి, ఎదురుగా డిలీట్ చేయించారు. గ్యాలరీలో తీసేసి పోబోతుంటే ఆపి, "రీసెంట్లీ డిలీటెడ్‌లో కూడా తియ్యండి, గ్రూపులో డిలీట్ ఫర్ ఎవ్రీవన్ కొట్టండి" అని వరసగా చూశారు. మేడం, ఆ ఫోల్డర్ ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంటికొస్తే అక్కడ ఇంకో పంచాయితీ. మా పెద్దమ్మ కావలి నుంచి దిగింది. "ఇంక చదివింది చాలు. మేనమామ కొడుకు ఉండనే ఉన్నాడు, మంచి రోజు చూసి ముడి వేసేయండి, నోళ్లు మూతపడతాయి" అంది. ఇంట్లో సగం మంది అటే మొగ్గారు. మా వీధి అంగన్‌వాడీ టీచరమ్మకి ఎట్టా తెలిసిందో, పిలవకుండానే వచ్చి కూర్చుంది. టీ తాగుతూ మెల్లగా చెప్పింది: 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిది నిండని పిల్లకి పెళ్లి చేస్తే రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. చేసినవాళ్లే కాదు, దగ్గరుండి జరిపించినవాళ్లూ ఇరుక్కుంటారు. "పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఒక్క ఫోన్ వస్తే చాలు పెద్దమ్మా, పందిరి దగ్గరికే వస్తారు. ఆ ఫోన్ ఎవరో ఎందుకు, నేనే చేస్తా" అని నవ్వుతూ అంది. నవ్వుతూనే అంది గానీ పెద్దమ్మ సాయంత్రం బస్సుకే వెళ్లిపోయింది. టీచరమ్మా, నీకు చీర పెడదామంటే తీసుకోలేదు. ఈ థ్యాంక్స్ అన్నా తీసుకో.

మా ఆయనకి వేరేగా థ్యాంక్స్ చెప్పను. కూతురి పక్కన నిలబడటం ఆయన పని. అయితే ట్రంకు రోడ్డు నుంచి మలై ఖాజా తెచ్చి, పాప ముట్టకపోతే చెప్పకుండా ఫ్రిజ్‌లో పెట్టి, మళ్లీ తెచ్చిన మనిషి ఆయనే అని రాయకపోతే బాగుండదు.

పాప కొన్నాళ్లు సరిగ్గా తినలేదు, నిద్రపోలేదు. మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 కెమిస్ట్రీ మేడమే ఇచ్చారు. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. పాప తలుపేసుకుని మాట్లాడింది, తర్వాత నన్ను కూడా లోపలికి పిలిచి స్పీకర్ పెట్టింది. అవతల ఉన్న అమ్మాయి ఎంత ఓపిగ్గా చెప్పిందో! ఈ వయసులో సంతోషానికి, మెప్పుకి స్పందించే మెదడు భాగం చాలా చురుగ్గా ఉంటుందట, ఆలోచించి ఆపే భాగం ఇరవై అయిదు వచ్చేదాకా ఎదుగుతూనే ఉంటుందట. పిల్లల చేత కారు నడిపే కంప్యూటర్ ఆట ఆడించి చూశారట. ఒంటరిగా ఉన్నప్పటికంటే ఫ్రెండ్స్ చూస్తున్నప్పుడు వాళ్లు ఎక్కువ తెగించారు, పెద్దవాళ్లలో మాత్రం ఆ తేడా పెద్దగా కనపడలేదు. "అంటే బుద్ధి లేక కాదమ్మా, చూసేవాళ్లు ఉండటం వల్ల" అంది. "అందరి మధ్యలో వద్దు అన్నావంటే నువ్వు చాలా కష్టమైన పని చేశావు" అని పాపతో అంది. ఆ మాటకి అది మళ్లీ ఏడ్చింది, ఈసారి వేరే రకంగా. వాడి కోసం బాధపడటం తప్పు కాదని, దాన్ని తొందరగా మర్చిపొమ్మని ఎవరూ అనకూడదని కూడా చెప్పింది. ఇది ఇంట్లో అందరికీ నేనే చెప్పాల్సి వచ్చింది.

ఆ అయిదుగురిలో ఒక అమ్మాయి ఉంది. వీడియో తీసిందెవరో మేడానికి చెప్పింది ఆ పిల్లే. గ్రూపులోంచి తీసేశారు, లంచ్‌లో పక్కన కూర్చోవడం మానేశారు. అన్నీ తెలిసే చెప్పింది. అమ్మా, మీ ఇంట్లో ఈ సంగతి తెలియదన్నావు కాబట్టి ఇంతకంటే రాయను. ఇప్పుడు మీ ఇద్దరి క్యారియర్లూ ఒకే బెంచీ మీద తెరుచుకుంటున్నాయని విన్నాను. గోంగూర పచ్చడి రోజూ నువ్వే ఖాళీ చేస్తున్నావని కూడా విన్నాను.

చివరగా ఆ అబ్బాయి తల్లి. మా కులం కాదు, మా వీధి కాదు. ఇడ్లీ బండి పెట్టుకుని పిల్లాణ్ణి చదివిస్తోంది. గొడవకి వస్తోందనుకున్నాం. కొడుకుని వెంటబెట్టుకుని వచ్చి, మా గుమ్మంలోనే వాడితో అంది: "ఇష్టపడ్డందుకు కాదురా, పక్కనుండి నోరు మెదపనందుకు చెప్పు." వాడు సారీ చెప్పాడు. మేమందరం పాప ఏమంటుందా అని చూస్తున్నాం. అది ఏడవలేదు, అరవలేదు. "నాకు నీ మీద కోపం లేదు. కానీ నేను బస్సు దగ్గరికి పోతుంటే నువ్వు వాళ్ల మొహాలే చూశావు. నేను చదువుకోవాలి. నువ్వూ పరీక్షలు బాగా రాయి" అని, కాసేపాగి, "నా కెమిస్ట్రీ రికార్డు నీ దగ్గరే ఉంది, రేపు తెచ్చియ్యి" అంది. అక్కా, మీరు ఆ మాటకి నవ్వు ఆపుకోలేకపోయారు, మీతో పాటు నేనూ. మా ఇంట్లో చాలా రోజుల తర్వాత వినపడ్డ నవ్వు అదే.

రికార్డు వచ్చింది. ఫస్టియర్ పరీక్షలూ అయిపోయాయి. వాడి ఊసు ఎప్పుడన్నా తనే ఎత్తుతుంది, నేను వింటాను, ఆరా తీయను. నర్సింగ్ చదవాలంటోంది.

ఇంకా "మీ పాపని కాలేజీ మాన్పించారంట కదా" అని అడుగుతున్నవాళ్లకి కూడా ఇక్కడే చెప్పేస్తున్నా: మాన్పించలేదు. పొద్దున్నే అదే నెల్లూరు బస్సు ఎక్కుతోంది. సంబంధాలు తెచ్చేవాళ్లు మా గుమ్మం తొక్కబాకండి, టీచరమ్మ ఇల్లు పక్క సందులోనే.