తగిలిన వేలికే తగిలితే

చిన్నీ,

ఫోన్లో పంపితే నాలుగు నోటిఫికేషన్ల మధ్య చదివి వదిలేస్తావని కాగితం మీద రాస్తున్నాను. మడిచి దాచుకో, అవసరం పడిన రోజున తీసి చూసుకోవచ్చు.

ఆన్‌లైన్ వేధింపు అనగానే మా పెద్దవాళ్ళం ఇంటర్నెట్‌ని తిట్టడం మొదలుపెడతాం. తిట్టాల్సింది కొంత ఉంది గానీ, అసలు సంగతి ఇంటర్నెట్ కంటే పాతది. ఫోన్లో మాటలు పడే పిల్లల్లో ఎక్కువమంది అంతకుముందే క్లాసులోనో ఆటస్థలంలోనో ఇంట్లోనో మాటలు, దెబ్బలు పడ్డవాళ్ళు. అనేవాళ్ళు కూడా చాలాసార్లు ముక్కూమొహం తెలియనివాళ్ళు కారు, రోజూ ఎదురుపడేవాళ్ళే. పగలు మొదలైన గేలి రాత్రికి ఫోన్లోకి వస్తుంది.

దెబ్బ తగిలిన వేలికే మళ్ళీ తగులుతుందంటారు. ఇందులో తలరాత ఏమీ లేదు. ఒకసారి ఏడిపించినవాళ్ళకి ఏ మాట ఎక్కడ గుచ్చుకుంటుందో తెలుసు, ఆ మాటే ఏరుకుంటారు. దెబ్బ తిన్న పిల్లకి పక్కన నిలబడే స్నేహితులు తగ్గిపోయి ఉంటారు. ఎవరైనా ఆన్‌లైన్లో నాలుగు రోజులు తియ్యగా మాట్లాడితే చాలు, పాస్‌వర్డ్, ఫోటో, ఎవరికీ చెప్పని రహస్యం అన్నీ ఇచ్చేస్తుంది. స్నేహం చెడిన రోజున అవే తిరిగి గుచ్చుకుంటాయి. డేవిడ్ ఫింకెల్‌హోర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి గమనించి చెప్పింది కూడా ఇదే: పిల్లలకు జరిగే హాని ఒంటరిగా రాదు, ఇంట్లో దెబ్బలు తినే పిల్లలకే బయట వేధింపు ఎదురయ్యే అవకాశం ఎక్కువ. అందుకే ఎవరైనా 'నన్ను గ్రూపులో తిడుతున్నారు' అని చెప్పుకుంటే, ఆ గ్రూపు ఒక్కదాని గురించే అడిగి ఊరుకోకూడదు.

చూపు కూడా మారిపోతుంది. నువ్వు పెద్ద మెసేజ్ పెట్టావు, అటునుంచి 'సరే.' అని ఒక్క మాట, చివర చుక్క. మాటలు పడి పడి ఉన్న మనసు ఆ చుక్కలో కోపం చూస్తుంది. నీలం టిక్కులు పడి జవాబు రాకపోతే వెటకారం చూస్తుంది. ఇంట్లో దెబ్బలు తిన్న చిన్నపిల్లలు ఎదుటివాళ్ళ మామూలు పనిలో కూడా దురుద్దేశం చూడటానికి అలవాటు పడతారని మనస్తత్వ శాస్త్రవేత్త కెన్నెత్ డాడ్జ్, ఆయన సహచరులు 1990లోనే చూపించారు. గొంతు వినపడని, మొహం కనపడని మెసేజ్ ఆ అలవాటుకి మంచి మేత. దీనికి మందు చిన్నదే: జవాబు టైప్ చేసేముందు ఆ 'సరే.'కి ఇంకో రెండు అర్థాలు కాగితం మీద రాయి. బస్సులో ఉండి రాసి ఉండొచ్చు, పక్కన ఎవరో ఉండి ఉండొచ్చు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఫోన్ చేసి గొంతు విను. మెసేజ్‌తో పుట్టిన అనుమానం ఇంకో మెసేజ్‌తో తీరడం అరుదు.

అలాగని అన్నీ నీ ఊహలే అనుకోకు. గ్రూపులోంచి తీసేయడం, నువ్వు రాసినదానికి మాత్రమే ఎవరూ పలకకపోవడం, నువ్వు లేకుండా ఇంకో గ్రూపు పెట్టుకోవడం, ఇవి నిజంగానే గట్టి దెబ్బలు. కిప్లింగ్ విలియమ్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ఒక ప్రయోగం చేశాడు. తెర మీద ముగ్గురు బంతి విసురుకుంటుంటారు, అందులో ఒకరు నువ్వు. మిగతా ఇద్దరు నిజానికి ప్రోగ్రాములే. కాసేపు నీకూ విసిరి, తర్వాత వాళ్ళిద్దరే ఆడుకుంటారు. అంతే ఆట. 62 దేశాల నుంచి 1,486 మంది ఆడారు. బంతి రానివాళ్ళ మనసు చివుక్కుమంది, నేను వీళ్ళలో ఒకదాన్ని అన్న భావం పడిపోయింది. తర్వాత ఇంకో ప్రయోగంలో 'అవి మనుషులు కావు, కంప్యూటరే' అని ముందే చెప్పి ఆడించినా అదే జరిగింది. యంత్రం బంతి వెయ్యకపోయినా బాధపడతాం. అలాంటిది, ముప్ఫైమంది ఉన్న క్లాసు గ్రూపులో బాధ పడినందుకు నిన్ను నువ్వు 'సెన్సిటివ్' అని తిట్టుకోవద్దు.

ఇక నీకు నచ్చని సంగతి. మాటలు పడ్డవాళ్ళలో కొందరు తిరిగి మాటలు అనేవాళ్ళవుతారు, అదీ ఎక్కువగా ఫోన్లో. క్లాసులో ఎదురుతిరగాలంటే ఎత్తు కావాలి, గొంతు కావాలి, వెనక మంద కావాలి. ఫోన్లో ఒక ఫేక్ అకౌంట్ చాలు. ఎదుటివాళ్ళ కళ్ళలో నీళ్ళు కనపడవు కాబట్టి చెయ్యి ఆగదు. అమెరికాలో నార్త్ కరోలినాలో 1,420 మంది పిల్లల్ని పెద్దయ్యేదాకా గమనించిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. పడటం, అనడం రెండూ చేసినవాళ్ళే పెద్దయ్యాక డిప్రెషన్, పానిక్ లాంటి వాటితో ఎక్కువ నలిగిపోయారు. పగ తీరితే బరువు తగ్గుతుందనుకుంటాం. ఆ లెక్కలు చూస్తే తగ్గినట్టు లేదు.

ఆ దారిలో పడుతున్నావని ఎలా తెలుస్తుందంటే, నీ నోటివెంట వచ్చే మాటల్ని బట్టే. 'సరదాకే అన్నా', 'తనే అడిగి తెచ్చుకుంది', 'నేనొక్కదాన్నేనా, అందరూ నవ్వారు', 'నన్ను అన్నప్పుడు ఎవరొచ్చారు?' ఈ నాలుగింటిలో ఏది వచ్చినా ఫోన్ బోర్లా పెట్టి పది నిమిషాలు లేచి తిరుగు. అప్పటికే పోస్టు పెట్టేసి ఉంటే డిలీట్ చెయ్యి, కానీ గుట్టుచప్పుడు కాకుండా కాదు. ఏ గ్రూపులో అన్నావో అదే గ్రూపులో 'నేను పెట్టింది తప్పు, తీసేశాను, ఎవరైనా సేవ్ చేసుకుని ఉంటే తీసెయ్యండి' అని రాయి. ఆ పిల్లకి విడిగా క్షమాపణ చెప్పేటప్పుడు 'కానీ' అనే మాట రానివ్వకు. జవాబు ఇవ్వమని వెంటపడకు.

ఇంకో రకం ఉంది, పెద్దవాళ్ళలో చాలామంది దాని గురించి విని కూడా ఉండరు. కొందరు పిల్లలు వేరే పేరుతో అకౌంట్ తెరిచి తమను తామే తిట్టుకుంటారు. అమెరికాలో 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల్ని అడిగితే సుమారు 6 శాతం అలా చేశామన్నారు, అది 2017లో అచ్చయింది. ఆన్‌లైన్లో వేధింపు పడ్డవాళ్ళలో ఇది చాలా ఎక్కువ. ఎవరైనా తనవైపు మాట్లాడతారేమో అని చేసేవాళ్ళున్నారు, తనమీద తనకున్న అసహ్యంతో చేసేవాళ్ళున్నారు. నీ స్నేహితురాలి విషయంలో ఇలా బయటపడితే 'నాటకాలాడింది' అని ప్రచారం చెయ్యొద్దు. పెద్దవాళ్ళలో ఒకరికి వెంటనే చెప్పు.

సరే, రేపే నీ మీద మొదలైందనుకో. మొదటి గంటలో జరిగే తప్పులు రెండే. తిరిగి తిట్టడం ఒకటి: తర్వాత వాళ్ళు నీ జవాబు మాత్రమే కత్తిరించి చూపిస్తారు. సిగ్గుతో అంతా డిలీట్ చేసుకోవడం రెండోది: అప్పుడు చూపించడానికి ఏమీ మిగలదు. ముందు స్క్రీన్‌షాట్, తర్వాత రిపోర్ట్, ఆ తర్వాతే బ్లాక్. బ్లాక్ చేశాక కొన్ని యాప్‌లలో ఆ ప్రొఫైల్, కామెంట్లు నీకు కనపడవు, అందుకే ఈ వరస. వాట్సాప్‌లో రిపోర్ట్ కొడితే చివరి ఐదు మెసేజ్‌లు కంపెనీకి వెళతాయి. ఆ సమయంలో బ్లాక్ చేసి చాట్ తీసెయ్యమంటావా అని కూడా అడుగుతుంది, ఆ టిక్ ఉంటే తీసేసి నొక్కు.

స్క్రీన్‌షాట్ తియ్యడంలోనే చాలామంది పప్పులో కాలేస్తారు. తిట్టు ఉన్న ముక్క మాత్రమే కత్తిరించి పెట్టుకుంటారు. అందులో పేరు ఉండదు, తేదీ ఉండదు, దానికి ముందు ఏం జరిగిందో ఉండదు. కత్తిరించకు, పైన గడియారంతో సహా తెర మొత్తం ఉండాలి. యాప్ '2 గంటల క్రితం' అని చూపిస్తే అది రేపటికి పనికిరాదు, తేదీ, సమయం నువ్వే రాసుకో. పైన కనిపించే పేరు ఎవరైనా క్షణంలో మార్చుకోవచ్చు, కాబట్టి ప్రొఫైల్ తెరిచి యూజర్‌నేమ్ కనిపించేలా ఇంకొకటి తీసి, దాని లింకు కాపీ చేసుకో. మాయమైపోయే స్టోరీ అయితే స్క్రీన్ రికార్డింగ్ పెట్టు. ఒకసారే చూడనిచ్చి స్క్రీన్‌షాట్ పడనివ్వని మెసేజ్‌ని ఇంకో ఫోన్‌తో ఫోటో తియ్యాలి.

దీనికి ఒకే ఒక్క మినహాయింపు. అది నీదైనా ఇంకో పిల్లదైనా బట్టలు లేని ఫోటో అయితే స్క్రీన్‌షాట్ తియ్యకు, సాక్ష్యంగా కూడా ఎవరికీ పంపకు. 18 ఏళ్ళలోపు వాళ్ళ అలాంటి ఫోటో దగ్గర ఉంచుకోవడమే చాలా దేశాల్లో నేరం. అకౌంట్ పేరు, లింకు, సమయం మాత్రం రాసుకుని నా దగ్గరికి రా. 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, 18 నిండనివాళ్ళ ఫోటోల కోసం. పెద్దవాళ్ళకు 'స్టాప్ ఎన్‌సీఐఐ' ఉంది. ఫోటో నీ ఫోన్ దాటి ఎక్కడికీ వెళ్ళదు, దాని నుంచి వేలిముద్ర లాంటి ఒక కోడ్ తయారై, అది మాత్రమే వెళుతుంది. ఆ పథకంలో చేరిన కంపెనీలు ఆ కోడ్‌తో సరిపోయే ఫోటోల్ని వెతికి తీసేస్తాయి. అన్ని కంపెనీలూ చేరలేదు, ఫోటోని మార్చేస్తే కోడ్ సరిపోకపోవచ్చు, ఎన్‌క్రిప్షన్ ఉన్న చాట్‌లలోకి, అంటే పంపినవాళ్ళు, అందుకున్నవాళ్ళు తప్ప ఇంకెవరూ చదవలేని చాట్‌లలోకి, తొంగిచూడటం ఆ సేవకి సాధ్యం కాదు. అయినా ఏమీ చెయ్యకపోవడం కంటే చాలా నయం. ఫోటో బయటపెడతానని డబ్బు అడిగేవాళ్ళకి ఒక్క రూపాయి కూడా ఇవ్వొద్దు. ఇస్తే మళ్ళీ అడుగుతారు.

రిపోర్ట్ చేసేటప్పుడు అకౌంట్‌ని కాదు, ఆ మెసేజ్‌ని లేదా కామెంట్‌ని రిపోర్ట్ చెయ్యి. నీ పేరుతో ఫేక్ అకౌంట్ తెరిస్తే 'వేధింపు' కింద కాదు, 'వేరొకరిలా నటించడం' కింద పెట్టు. ఇరవైమంది స్నేహితులతో ఒకేసారి రిపోర్ట్ కొట్టించడం వృథా శ్రమ. ఎంతమంది కొట్టారన్న లెక్కను బట్టి తీసెయ్యడం ఉండదని ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళే చెబుతారు.

రోజూ ఎదురుపడే మనిషిని బ్లాక్ చేస్తే పగలు అది ఇంకో గొడవవుతుంది. అలాంటప్పుడు ఇన్‌స్టాగ్రామ్‌లో రెస్ట్రిక్ట్ వాడు. వాళ్ళు రాసిన కామెంట్ వాళ్ళకే కనిపిస్తుంది, నువ్వు ఒప్పుకుంటే తప్ప ఇంకెవరికీ కనపడదు, నువ్వు రెస్ట్రిక్ట్ చేశావని వాళ్ళకి కబురు వెళ్ళదు. గాలితో పోట్లాడుతుంటారు.

స్కూలుకి చెప్పాల్సి వస్తే ఒక్క పేజీ చాలు, ఏడుపు వద్దు. 12వ తేదీ, రాత్రి 9:40, క్లాసు గ్రూపు, ఏ మాట, ఏ యూజర్‌నేమ్, స్క్రీన్‌షాట్ నంబర్ 3. ఇలా వరసగా. ఇంతకుముందు తరగతి గదిలో జరిగినవి కూడా అదే పేజీలో చేర్చాలి. విడివిడిగా చూస్తే ప్రతిదీ చిన్న విషయంలాగే ఉంటుంది, వరసలో పెడితేనే అసలు రూపు తెలుస్తుంది. 'ఇద్దర్నీ కూర్చోబెట్టి చేతులు కలిపిస్తాం' అంటే నేను ఒప్పుకోను. సమానమైన ఇద్దరి తగాదాకి అది పనిచేస్తుంది, ఒకరు మాత్రమే పడుతున్నచోట ఆ గదిలో మళ్ళీ నువ్వే పడతావు. ఎవరు, ఏ తేదీలోపు, ఏం చేస్తారో అడుగుదాం.

ఇంకొకరు పడుతుంటే నువ్వు చూస్తావు కూడా. తిడుతూనైనా సరే ఆ పోస్టుని షేర్ చెయ్యకు, షేర్ చేస్తే ఇంకో వందమందికి చేరుతుంది. ఆ పిల్లకి విడిగా ఒక్క లైను రాయి: 'అది చూశాను, వాళ్ళు చేసింది తప్పు, రేపు లంచ్‌లో నాతో కూర్చో.' బంతి మళ్ళీ ఆ పిల్లకి విసిరినట్టు.

పిల్లలు ఇవన్నీ పెద్దవాళ్ళకి చెప్పకపోవడానికి పెద్ద కారణం ఫోన్ లాగేసుకుంటారన్న భయం. నేను లాక్కోను. నిన్ను అడగకుండా వాళ్ళ అమ్మానాన్నలకి ఫోన్ చెయ్యను, ఎక్కడా పోస్టు పెట్టను. ఒక్కచోట మాత్రం మాట ఇవ్వలేను: నీ ప్రాణానికి ముప్పు అనిపిస్తే నీ అనుమతి కోసం ఆగను, డాక్టర్ దగ్గరికి తీసుకెళతాను. ఫోన్ మోగితే కడుపులో తిప్పడం, రెండు వారాలుగా నిద్ర పట్టకపోవడం, లేకుండా పోతే బాగుండు అనిపించడం, వీటిలో చివరిది ఒక్కసారి వచ్చినా రాత్రి రెండింటికైనా సరే తలుపు కొట్టు. మిగతా రెండింటికీ కౌన్సెలర్ దగ్గరికి వెళదాం. వెళ్ళినప్పుడు ఈ గ్రూపు గొడవతో ఆపకుండా, అంతకుముందువి కూడా చెప్పుకోవాలి. నేను గదిలో ఉండాలా వద్దా అన్నది నీ ఇష్టం.

రేపు సాయంత్రం ఒక పది నిమిషాలు కావాలి. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో గ్రూప్స్ అని ఉంటుంది. నిన్ను ఎవరు గ్రూపుల్లో చేర్చవచ్చో అక్కడ మార్చాలి, లేకపోతే బయటికి వచ్చినకొద్దీ మళ్ళీ చేరుస్తూనే ఉంటారు. నా ఫోన్లో కూడా అది ఇంకా 'అందరూ' మీదే ఉంది, ఎలా మార్చాలో నువ్వే చూపించు.

నాన్న