శీనుగాడికి, టీషర్టుల సంగతి

ఒరేయ్ శీనూ,

నువ్వు పంపిన మీ యాప్ లోగో చూశాను, బాగుంది. ఆ ఆకుపచ్చ కచ్చితంగా మీ ఆవిడ సెలెక్షనే, నీకంత టేస్ట్ ఎక్కడిది. కానీ దాని కిందే టీషర్టులు, మగ్గులు, డైరీలకి ప్రింటింగ్ అతని రేట్ల కొటేషన్ కూడా పెట్టావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మీ బిల్లింగ్ యాప్‌కి డబ్బు కట్టిన కిరాణా షాపువాడు ఇంకా ఒక్కడూ లేడు, ఇప్పుడు టీషర్టులు ఎవరికిరా? మన బ్యాచ్‌కీ, నీ బావమరుదులకీ. వేసుకుని వాకింగ్‌కి వెళ్తారు, అంతే.

ఆ ప్రింటింగ్ అతను ఎక్కువ తీసుకుంటే రేటు తగ్గుతుంది సార్ అనే ఉంటాడు. స్క్రీన్ ప్రింటింగ్‌లో లోగోకి ఎన్ని రంగులుంటే అన్ని స్క్రీన్లు, అంటే జాలీ అచ్చులు, చెయ్యాలి, ఆ ఖర్చు పది పీసులకైనా వందకైనా ఒకటే, అందుకే నీచేత ఎక్కువ కొనిపించాలని చూస్తాడు. ఆ తర్వాత సైజుల గోల. మా పాత ఆఫీసులో మీడియంలు, లార్జ్‌లు వచ్చిన రోజే ఎగిరిపోయాయి, స్మాల్‌లూ డబుల్ ఎక్స్‌ఎల్‌లూ రిసెప్షన్ వెనక అట్టపెట్టెల్లోనే ఉండిపోయాయి. తర్వాత కంపెనీ పేరే మార్చారు, ఇక వాటితో సెక్యూరిటీవాళ్లు బైకులు తుడుచుకున్నారు. అన్నట్టు, ఉచితంగా పంచే వస్తువుల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ కూడా రాదు, అంటే ఆ పన్నుని నువ్వు కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోలేవు, జీఎస్టీ చట్టం సెక్షన్ 17(5) అడ్డొస్తుంది, కావాలంటే మీ సీఏని అడుగు.

అలాగని ఏదీ చేయించొద్దనను. ఫోన్‌పే ఊదారంగు క్యూఆర్ షాపు కౌంటర్ల మీద ఎందుకుంటుంది? లోగో అందంగా ఉందని కాదు, డబ్బులు దాని మీదుగా వస్తాయని, అందుకే ఎవడూ పీకి పారెయ్యడు. ప్రయాణికులకి ఇళ్లు అద్దెకి ఇప్పించే ఎయిర్‌బీఎన్‌బీవాళ్లు కూడా 2008 అమెరికా ఎన్నికలప్పుడు చేతిలో డబ్బుల్లేక అభ్యర్థులు ఒబామా, మెకెయిన్ పేర్లతో పొద్దున పాలల్లో వేసుకుని తినే సీరియల్ డబ్బాలు తయారుచేసి ఒక్కోటి 40 డాలర్లకి అమ్మారు, దాదాపు 30 వేల డాలర్లు వచ్చాయి. అందరూ అదేదో గొప్ప బ్రాండింగ్ అంటారు గానీ వాళ్లు ఊరికే పంచలేదురా, అమ్మారు, జనం కొన్నది కూడా ఆ ఎన్నికల జోకు చూసే.

నీకైతే బిల్లు ప్రింటర్‌లో వేసే పేపర్ రోల్స్ చాలు. వెనకవైపు మీ పేరూ హెల్ప్‌లైన్ నంబరూ వేయించి, యాప్ తీసుకున్న షాపుకి నాలుగు రోల్స్ ఇచ్చిరా. రోల్ ఎలాగూ వాడికి కావాలి, కౌంటర్ దగ్గర బిల్లు ఆగిపోయినప్పుడు నంబరు వెతుక్కోనక్కర్లేదు, కొన్నవాళ్ల చేతికి కూడా మీ పేరు వెళ్తుంది. జనవరికి డబ్బులు మిగిలితే తిథులూ వర్జ్యాలూ ఉన్న క్యాలెండర్ వేయించు, ఏడాదంతా గోడ మీదే ఉంటుంది. మగ్గుల మాట మాత్రం ఎత్తకు.

అది సరే, ఆ ప్రింటింగ్ అతనికి అడ్వాన్స్ ఇచ్చేశావా? ఇవ్వకపోతే రోల్స్‌కి రేటెంతో కనుక్కుని ఆదివారం ఫోన్ చెయ్యి.

నీ
రాజు