కార్డు సంగతి అడగడానికి కాదు

చిరంజీవి నానికి,

అమ్మ దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వూ క్షేమమేనని వాట్సాప్‌లో నీలం గీతలు చూసి అనుకుంటున్నాను. నా మెసేజ్‌లు చదువుతున్నావంటే కళ్ళు బాగానే ఉన్నట్టు, వేళ్ళకే ఏదో అయినట్టుంది. బాబ్జీ ఎలాగూ హైదరాబాదు వస్తున్నాడు కదా అని సున్నుండలతో పాటు ఈ ఉత్తరం కూడా పంపిస్తున్నాను. దారిలో వాడు విప్పి చదువుతాడని తెలుసు. చదవనీ.

పెద్ద విశేషాలేం లేవు. మోటారు మళ్ళీ కాలిపోయింది. వైండింగ్ వద్దు, కొత్తది కొందామని నేనంటే మీ నాన్న వినలేదు, మళ్ళీ వైండింగే చేయించారు. సుందరత్త మోకాళ్ళ ఆపరేషన్‌కి ఒప్పుకుని, తీరా తేదీ వచ్చేసరికి వద్దంది. సుజాత పెళ్ళి బాగా జరిగింది. పప్పులో ఉప్పు లేదని మీ పెదనాన్న అలిగారు, అది మామూలే. భోజనాల దగ్గరే బాబ్జీ ఒక మాటన్నాడు. "ఘనా వెళ్ళడానికి నానిగాడికి సూది గొడవేం లేదు పెద్దమ్మా, టీకా వేయించుకున్నట్టు కార్డు ఏజెంటు ఇప్పించేస్తాడు" అని. నేను విననట్టు పెరుగు వడ్డించుకున్నాను. వాడికి తెలిసింది సగం, కల్పించేది సగం. అందుకే పట్టించుకోలేదు.

దాని గురించి రాయడానికి కూర్చోలేదు. బట్టల గురించి రాద్దామనుకున్నాను. ఘనాలో ఎండ ఎక్కువని పొట్టి చేతుల టీషర్టులు కొన్నావని మీ నాన్నతో అన్నావట. లేత రంగువి, వదులుగా ఉండే నిండు చేతుల చొక్కాలు అరడజనైనా పెట్టుకో. డెంగ్యూ దోమ పగలు కుడుతుంది, మలేరియా దోమ చీకటి పడ్డాక మొదలుపెట్టి తెల్లవారేదాకా కుడుతుంది. ఎల్లో ఫీవర్ తెచ్చేవాట్లో డెంగ్యూ దోమ కూడా ఉంది, అంటే అదీ పగలే. అక్కడ నీకు ఖాళీ దొరికే పూట లేదు. సన్‌స్క్రీన్ రాసుకుంటే అది ముందు, దోమల మందు దాని మీద. చాలామంది తిరగేసి రాస్తారు.

ఎల్లో ఫీవర్ అన్నాను కాబట్టి ఒక్క మాట. ఆ జబ్బుకి మందు లేదు. సెలైన్ పెట్టి కాచుకుని కూర్చోవడమే. ఎక్కువమందికి మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. కొద్దిమందికి తగ్గినట్టే తగ్గి తిరగబెడుతుంది, కామెర్లు వస్తాయి, రక్తం పడుతుంది. అంతదాకా వెళ్ళినవాళ్ళలో సగం మంది వారం పది రోజుల్లో పోతారు. టీకా ఒక్క డోసు, జన్మకంతా చాలు. ఇదివరకు పదేళ్ళకోసారి వేయించుకోవాలనేవారు, 2016 జులై నుంచి ఆ టీకా కార్డు జీవితాంతం చెల్లుతోంది. సరే, వదిలేయ్.

మలేరియా మాత్రలు మాత్రం మర్చిపోకు. దానికి మన దగ్గర పెద్దవాళ్ళకి వేసే టీకా లేదు, మాత్రలూ దోమతెరే. క్లోరోక్విన్ అక్కడి మలేరియాకి పనిచేయదు, మందులషాపువాడు అంటగడితే తీసుకోకు. డాక్టరుగారు డాక్సీసైక్లిన్ రాస్తారనుకుంటున్నాను. వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి రోజుకొకటి, తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. ఆ చివరి నాలుగు వారాలే అందరూ ఎగ్గొడతారు. భోజనం చేసి, గ్లాసు నిండా నీళ్ళతో వేసుకో, వేసుకున్న వెంటనే పడుకోకు. గొంతులో అతుక్కుంటే లోపల పుండు పడుతుంది. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది కూడా, టోపీ పెట్టుకో. మీ నాన్నకి ఈ డాక్సీ పేరెత్తితే చాలు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి దగ్గరికి వెళ్ళిపోతారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో పరిశోధనలన్నీ ఆయన చూస్తున్నప్పుడు వచ్చిన ఆరియోమైసిన్ కుటుంబంలోదే ఇది అని. నిజమే. మన జిల్లాలవాళ్ళకి బోదకాలు మందు ఇచ్చిందీ ఆయనే. కానీ అది చెబుతూ చెబుతూ మీ నాన్న బీపీ మాత్ర వేసుకోవడం మర్చిపోతారు.

మాత్రలంటే మాస్టారు గుర్తొచ్చారు. నీకెప్పుడో చెప్పే ఉంటాను, మళ్ళీ చెబుతాను.

నాకు రంపచోడవరం అవతల పోస్టింగు ఉన్నప్పటి మాట. నిన్ను అమ్మమ్మ దగ్గర వదిలి వెళ్ళేదాన్ని. ఘాటీ ఎక్కాక ఒక ఊళ్ళో బడికి పాలకొల్లు వైపు నుంచి కొత్త మాస్టారు వచ్చారు. పాతికేళ్ళుంటాయి, మనిషి దుక్కలా ఉండేవాడు. మైదానం నుంచి వచ్చినవాళ్ళకి వారం వారం మలేరియా మాత్రలు నేనే ఇచ్చేదాన్ని, ఇచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టించుకునేదాన్ని. ఈయన చక్కగా, వంకర లేకుండా సంతకం పెట్టేవాడు. మాత్ర చేదని మాత్రం జేబులో వేసుకునేవాడు. నీళ్ళిచ్చి నిలబడితే "తర్వాత వేసుకుంటానమ్మా, కడుపు ఖాళీగా ఉంది" అనేవాడు. అడిగితే, ఊళ్ళోవాళ్ళెవరూ వేసుకోవట్లేదు కదా అన్నాడు. ఊళ్ళో పెద్దవాళ్ళకి పుట్టినప్పటి నుంచి జ్వరాలు వచ్చి వచ్చి ఒంట్లో కొంత తట్టుకునే శక్తి ఉంటుంది మాస్టారూ, దానికోసం వాళ్ళెంతమంది పసిపిల్లల్ని పోగొట్టుకున్నారో మీకు తెలీదు అని చెప్పాను. తల ఊపాడు.

వానలు పడ్డాక జ్వరం వచ్చింది. సంతలో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ చేయించుకున్నాడు, పగలు తగ్గింది, బడికి కూడా వెళ్ళాడు. రాత్రి మళ్ళీ వణుకు. నాకు ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజు పొద్దున నేను ఆ ఊరు వెళ్ళేసరికి మనిషి నులకమంచం మీద కూర్చుని గోడకేసి చూస్తూ పిల్లల హాజరు పిలుస్తున్నాడు. ఒక్కో పేరూ పిలిచి, జవాబు కోసం ఆగి, మళ్ళీ ఇంకో పేరు. చుట్టూ చేరిన పిల్లల్లో ఆ పేర్లవాళ్ళు ఉన్నారు, పాపం "వచ్చానండీ" అంటున్నారు కూడా. ఆయనకి వినపడట్లేదు. వేలు గుచ్చి స్లైడ్ తీశాను గానీ దాని రిపోర్టు కోసం ఆగే పని కాదని తెలుస్తూనే ఉంది. మెదడుకి ఎక్కేసింది. డోలీ కట్టి రోడ్డుదాకా మోశారు, అక్కణ్ణుంచి కర్రల లారీలో రంపచోడవరం, తర్వాత జీపులో కాకినాడ పెద్దాసుపత్రికి. నేను వెంటే ఉన్నాను. చొక్కా మార్చేటప్పుడు జేబులోంచి కాగితంలో చుట్టిన మాత్రలు జారి కింద పడ్డాయి, నేనిచ్చినవే.

అప్పట్లో క్వినైనే దిక్కు. గ్లూకోజు సీసాలో కలిపి ఎక్కించేవారు, ఎందుకంటే ఆ మందుకి ఒంట్లో చక్కెర పడిపోతుంది. మూడో రోజుకి కళ్ళు తెరిచాడు. చెవుల్లో ఒకటే హోరు అన్నాడు, అదీ క్వినైనే. బతికాడు. సంక్రాంతికి ఇప్పటికీ ఫోన్ చేస్తాడు. ఆ మాత్రలు మింగి ఉంటే అసలు రాకపోయేదని నేను ఒట్టేసి చెప్పను, అప్పటికే ఆ మందుకి లొంగని రకం మొదలైంది. కానీ నా రిజిస్టర్లో మాత్రం ఆ మాస్టారు ప్రతి వారం మాత్ర వేసుకున్నాడు. చక్కటి సంతకంతో సహా.

ఎందుకు చెప్పానంటే, ఘనాలో నువ్వు కూడా బయటినుంచి వచ్చినవాడివే. ఆఫ్రికాలో ఎక్కువగా ఉండేది ఆ మెదడుకెక్కే రకమే. జ్వరం వస్తే ఆ రోజే రక్తపరీక్ష చేయించుకో, డోలో వేసుకుని రేపు చూద్దాంలే అనుకోకు. ఇంటికొచ్చిన తర్వాత జ్వరం వచ్చినా అంతే. డాక్టరు అడగకపోయినా ఘనా నుంచి వచ్చానని నువ్వే ముందు చెప్పాలి. లేకపోతే ఇక్కడ వైరల్ జ్వరమనో డెంగ్యూ అనో రాసేస్తారు.

ఇంకో సంగతి. నీ పని తమలేలో, మంచినీళ్ళ పైపులైను అన్నావు. ఆ ఊరికి నీళ్ళు తెల్ల వోల్టా నది నుంచి వస్తాయట, మ్యాపులో చూశాను. నది కనిపిస్తే నువ్వు ఆగవు. కోటిలింగాల రేవులో దూకినట్టు అక్కడ దూకకు నాన్నా. వోల్టా నీళ్ళలో నత్తల నుంచి కంటికి కనపడని పురుగులు బయటికొచ్చి, చర్మంలోంచే లోపలికి దూరతాయి. నోట్లోకి నీళ్ళు పోనక్కర్లేదు, మోకాళ్ళదాకా దిగినా చాలు. బిల్హార్జియా అంటారు. 1965లో వోల్టా మీద అకొసొంబో డ్యాం కట్టాక నీళ్ళు నిలిచి ఆ జబ్బు ఇంకా పెరిగింది. మూత్రంలో రక్తం పడుతుంది. మందు ఉంది, కానీ తెలుసుకునేసరికి నెలలు గడిచిపోతాయి. మన గోదావరిలో లేని బాధ ఇది, అందుకే మనవాళ్ళకి తోచదు. సైటులో నీళ్ళలో దిగక తప్పకపోతే గమ్‌బూట్లు ఇమ్మని అడుగు. మొహమాటపడకు.

మెదడువాపు టీకా కూడా ఉంది, మెనింజైటిస్‌ది. హజ్‌కి వెళ్ళేవాళ్ళకి వేస్తారు చూడు, అదే. సెనెగల్ నుంచి ఇథియోపియాదాకా ఒక పట్టీలాగా ఆ జబ్బు ఉంటుంది, నీ తమలే ఉన్న ఘనా ఉత్తరపు భాగం అందులోకే వస్తుంది. డిసెంబరు నుంచి ఎడారి దుమ్ముగాలి మొదలైతే మరీనూ. నువ్వు సరిగ్గా అప్పటికే అక్కడ ఉంటావు. టైఫాయిడ్, కామెర్ల (హెపటైటిస్) టీకాలు కూడా అదే రోజు అడుగు. ఒకే రోజు వేరు వేరు చోట్ల వేస్తారు, భయం లేదు.

భయం అన్నాను, కోప్పడకు. ఊరందరి పిల్లలకీ సూదులేసి ఏడిపించినదాని కొడుకువి, టెన్త్‌లో టీటీ వేస్తారని బడి గోడ దూకి వచ్చావు. నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. (బాబ్జీ, నువ్వూ చెప్పకు.) ఈ ఎల్లో ఫీవర్‌ది చిన్న సూది, అర ఎం.ఎల్. మందు. కండలోకి కూడా పోదు, చర్మం కిందే. రెండు రోజులు ఒళ్ళు వెచ్చబడొచ్చు. గుడ్డు పడనివాళ్ళకి వేయరు, ఎందుకంటే ఆ మందు తయారయ్యేది కోడిగుడ్డులోనే. నువ్వు నాలుగు గుడ్ల ఆమ్లెట్ తినేవాడివి, ఆ సాకూ లేదు.

ఆ ఏజెంటు ఎవరో నాకు తెలీదు. కార్డు నిజంగా ఉండి, దాని వెనక సూది లేదనుకో. ఘనా రాజధాని అక్రాలో దిగగానే ఆఫీసరు చూసి ముద్రేసి పంపిస్తాడు, సరే. ఆ మధ్యాహ్నం నిన్ను కుట్టిన దోమకి కార్డు చూపిస్తావా? పోనీ, దొంగ కార్డని తేలిందనుకో. తిరిగొచ్చేటప్పుడు మన ఎయిర్‌పోర్టులోనే ఆపి, ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. పెట్టాలి కూడా. మన దేశానికి ఆ జబ్బు ఇంతవరకూ రాలేదు గానీ, దాన్ని మోసే దోమ మన నీళ్ళ తొట్టెల్లోనే ఉంది. 2016లో అంగోలాకి పనికి వెళ్ళిన చైనావాళ్ళు 11 మంది ఎల్లో ఫీవర్‌తో తిరిగెళ్ళారు. ఆ జబ్బు ఆసియాలో కనపడటం అదే మొదటిసారి. అలాంటి పేపరు వార్తల్లో మన ఇంటి పేరు నాకొద్దు.

బాబ్జీ అబద్ధం చెప్పాడనే అనుకుంటున్నాను. నువ్వు నిజంగా వేయించుకునే ఉంటే ఆ కార్డు అనే పసుపుపచ్చ పుస్తకంలో టీకా బ్యాచి నంబరు, తేదీ, సంతకం, ముద్ర ఉన్న పేజీ ఫోటో తీసి పంపు. నీ భుజం ఫోటో వద్దు, పేజీయే. అలాంటి పేజీలు చూసి చూసి కళ్ళు కాయలు కాచినదాన్ని.

వేయించుకోకపోతే ఇంకా టైముంది. కానీ సూది పడ్డ పది రోజులకి గానీ కార్డు చెల్లదు, నెలాఖరు ఫ్లైటు కాబట్టి వచ్చే వారం దాటకూడదు. ప్రభుత్వం గుర్తించిన చోటే వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) ఉంది, ముందే అపాయింట్‌మెంట్ అడుగు. సీసా ఒకసారి కలిపితే ఆరు గంటల్లో అయిపోవాలి, అందుకని నలుగురు పోగైతే గానీ తెరవరు. నీ ఒక్కడి కోసం తెరవమని దబాయించకు.

ఆదివారం రాత్రి గౌతమికి నాకు టికెట్ కన్‌ఫర్మ్ అయింది. మీ నాన్నకి ఇంకా చెప్పలేదు, సుందరత్తని డాక్టరుకి చూపించే పని అనుకుంటున్నారు. సోమవారం పొద్దున సికింద్రాబాదులో దిగుతాను. నువ్వు వేయించుకున్నా సరే, వేయించుకోకపోయినా సరే, స్టేషనుకి రా. పాస్‌పోర్టు తీసుకురా. ఖాళీ కడుపుతో రాకు, కళ్ళు తిరుగుతాయి. నాలుగు ఇడ్లీలు తిని రా.

ఇట్లు,
అమ్మ

సున్నుండలు ఇరవై పంపాను. తక్కువ వస్తే బాబ్జీని అడుగు.