స్ట్రోక్ వచ్చినవాళ్ళతో ఒక పేరా చదివించండి

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న ముప్పై ఏళ్ళుగా పొద్దున్నే కాఫీతో పాటు మీ పేపర్ చదువుతారు. పోయిన వేసవిలో స్ట్రోక్ వచ్చి, ఆస్పత్రి నుంచి అమీర్‌పేటలో మా ఇంటికి వచ్చాక పేపర్ పట్టుకున్న రోజు నుంచీ ఒకటే కోపం, వాక్యాలు తలా తోకా లేకుండా వేస్తున్నారేంటి అని. మేము నీరసం, చిరాకు అనుకున్నాం. కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళి అద్దాలు కూడా మార్పించాం. చివరికి మీకు ఫిర్యాదు రాస్తానని ఆయనే తెల్లకాగితం తీసుకుని కూర్చున్నారు. రాసింది చూసి నాకు ఏడుపొచ్చింది. కాగితం ఎడమ సగం ఖాళీ, అక్షరాలన్నీ కుడి అంచుకు ఇరుక్కుని, లైన్లు పక్కకు జారిపోయి, కొన్ని అక్షరాలకు గీతలు లేవు, కొన్నిటికి రెండేసి ఉన్నాయి. బ్యాంకులో చేసినన్నాళ్ళూ ఆయనది ముత్యాల్లాంటి దస్తూరి.

ఆ కాగితం, జబ్బు తర్వాత రోజువారీ పనులు మళ్ళీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్‌కు చూపిస్తే తెలిసింది, దీన్ని స్పేషియల్ నెగ్లెక్ట్ అంటారట. మెదడు కుడి వైపు స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ఎక్కువ. కళ్ళు బాగానే ఉన్నా ఎడమ పక్కకు ధ్యాస పోదు, పోవడం లేదన్న సంగతి కూడా చాలాసార్లు ఆ మనిషికి తెలియదు. అందుకే నాన్న ప్రతి లైనూ మధ్యలోంచి మొదలుపెట్టేవారు. మాటలో మొదటి అక్షరం పోయేది, లేదా బదులు ఇంకోటి వచ్చేది, అపకారం కాస్తా ఉపకారం అయ్యేది. స్టాపులో 218 బస్సు ఆయనకు 18. మందు అట్ట మీద 150ని 50 అని చదివిన రోజు మాత్రం బాగా టెన్షన్ పడ్డాం. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారు కాబట్టి ఉర్దూ పేపర్ చదివేవాళ్ళకు లైను చివర పోతుంది, మన ఊళ్ళో అలాంటి ఇళ్ళూ ఎన్నో ఉన్నాయి కదా.

ఎడమ మెదడు దెబ్బతింటే చాలామందికి మాట పోతుంది, ఇంట్లో అందరూ గమనిస్తారు. నాన్నకు మాట చక్కగా ఉంది, అదే మమ్మల్ని మోసం చేసింది. డిశ్చార్జ్ రోజు చెయ్యి ఎత్తించారు, నడిపించారు, బీపీ మాత్రలు రాసిచ్చారు, ఒక్క పేరా చదివించలేదు. దీనికి స్కానింగ్ యంత్రాలేం అక్కర్లేదండీ. కాగితం మీద అడ్డగీత గీసి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టమంటే ఈ ఇబ్బంది ఉన్నవాళ్ళు చాలావరకు బాగా కుడికి జరిపి పెడతారు. అది ఒక్కటే చాలదు, గడియారం బొమ్మ వేయించాలి, నాలుగు లైన్లు చదివించి రాయించాలి. పది నిమిషాల పని.

ఇప్పుడు మేం పేపర్‌ని ఒక కాలమ్ వచ్చేలా మడిచి, ఎడమ అంచున ఎర్ర స్కెచ్ పెన్నుతో గీత గీసి ఇస్తున్నాం. ఆ గీత కనబడ్డాకే చదవడం మొదలుపెట్టాలని నియమం. నిన్న మీ హెడ్‌లైన్ మొదటి అక్షరం నుంచి చదివారు. కింద వార్త మళ్ళీ మధ్యలోంచే.

అక్టోబర్ 29న ప్రపంచ స్ట్రోక్ దినానికి ముఖం, చెయ్యి, మాట గమనించమని రాస్తారు, అది రాయాల్సిందే. దాని పక్కన ఈ అడ్డగీత సంగతి కూడా వేయండి, దయచేసి.

— ఒక పాఠకురాలు, అమీర్‌పేట, హైదరాబాద్