ఘంటస్తంభం దగ్గర కాసేపు కూర్చోనివ్వండి

సంపాదకుల వారికి నమస్కారం.

సెలవులకి ఎక్కడికి వెళ్ళాలో చెబుతూ మీ ఆదివారం పేజీల్లో వచ్చేవి నేను వదలకుండా చదువుతాను. అరకు, బొర్రా గుహలు, భీమిలి, రామనారాయణం. విజయనగరం పేరు వచ్చినా రైలు దిగే స్టేషన్‌గానే వస్తుంది. మీ మీద కోపంతో అనడం లేదు, మా ఊరివాళ్ళమే అలా అలవాటు చేశాం. చుట్టాలొస్తే "ఇక్కడేముంది చూడ్డానికి, పొద్దున్నే కారు మాట్లాడుకుని అరకు వెళ్ళండి" అని మేమే పంపించేస్తాం. ఇన్నేళ్ళూ నేనూ అదే చెప్పాను.

ఈ వేసవిలో మా ఆడపడుచు కూతురు హైదరాబాద్ నుంచి వచ్చి, "అరకు వద్దత్తా, అమ్మ ఎప్పుడూ చెప్పే ఆ బజారే చూపించు నాకు" అంది. మా అత్తగారికి 74 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులు, అయినా మనవరాలితో తనూ వస్తానన్నారు. ముగ్గురం పొద్దున్న ఆరున్నరకి ఘంటస్తంభం దగ్గర ఆటో దిగాం. 1885లో కట్టిన స్తంభం అది, ఎనిమిది పలకలు, 68 అడుగులు. నేను దాని కిందనుంచి కొన్ని వేలసార్లు వెళ్ళి ఉంటాను కానీ ఆగి తలెత్తి చూసింది ఆ రోజే. ఆ వేళప్పుడు కొట్లు తెరవరు, బళ్ళు తక్కువ, ఎండ ఇంకా పైఅంతస్తుల మీదే ఉంటుంది. మా ఊరిని ఎవరికైనా చూపించాలంటే ఆ రెండు గంటలూ చాలు.

టిఫిన్ బండి దగ్గర వేడి వేడి ఇడ్లీ తిన్నాం, తర్వాత పునుగులు. పునుగులు రెండోసారి అడిగింది మా అత్తగారే. ఆ పక్కనే చోడి అంబలి కుండ పెట్టుకుని ఒకామె కూర్చుంది. రాగులని మీరు రాస్తారు, మాకవి చోళ్ళు. స్టీలు గ్లాసులో అంబలి పోసి, మజ్జిగ కలిపి, పచ్చి ఉల్లిపాయ ముక్కలు వేసి, నంజుకోడానికి ఊరమిరపకాయ చేతిలో పెట్టింది. మా మేనకోడలు హైదరాబాద్‌లో హోటల్లో రాగి మాల్ట్ పేరుతో ఇదే తాగుతుందట, ఇంత చల్లగా ఎప్పుడూ లేదంది.

తర్వాత కొట్లు తెరిచారు. పెద్ద పెద్ద షోరూములు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి, వాటి గురించి రాయను. మా బజారంటే నాకు ఆ సందుల్లోని చిన్న కొట్లే. ఒక కొట్టు నిండా తాళ్ళే. ఎడ్లకి ముకుతాళ్ళు, పలుపులు, బావి చేదకి వేసే తాడు, గోనెలు కుట్టే పురికొస, అన్నీ మేకులకి వేలాడుతుంటే లోపల ఆయన మనకి సగమే కనిపిస్తాడు. తాడు కొలవడానికి టేపు ఉండదు, రెండు చేతులూ బార చాపి "ఒకటి, రెండు" అని లెక్కపెడతాడు. సాలూరు వైపునుంచి వచ్చిన కొండచీపుర్లు గోడకి నిలబెట్టి ఉన్నాయి, పక్కనే కొత్త చేటలు, వాటి వెదురు వాసన సందంతా ఉంది. ఇంకో కొట్లో భీమాలి మామిడి తాండ్ర. చాపల మీద మామిడి రసం పూసి, ఎండబెట్టి, దాని మీద మళ్ళీ పూసి, మళ్ళీ ఎండబెట్టి, అలా రోజుల తరబడి పొరలు పోస్తేగాని అంత మందం రాదు. ఆయన కత్తిని తడిగుడ్డతో తుడుచుకుంటూ కోస్తుంటే అంచున ఆ పొరలు పుస్తకం పేజీల్లా కనిపించాయి. ఆ అమ్మాయి కిలో కొంది, అందులో పావు కిలో ఇంటికి రాకముందే అయిపోయింది.

మూడు లాంతర్ల కూడలి దగ్గర పైడితల్లి అమ్మవారికి దణ్ణం పెట్టుకుని కోట వైపు నడిచాం. 1713 నాటి కోట అది, లోపల ఇప్పుడు కాలేజీలు నడుస్తున్నాయి. గురజాడ వారి నాటకం మొదలయ్యే బొంకుల దిబ్బ ఇక్కడిదే అని చెబితే ఆ అమ్మాయి నమ్మలేదు, అది ఊరికే కల్పించిన పేరనుకుందట. గురజాడ వారి ఇల్లు కూడా చూపించాను. సంగీత కళాశాల దగ్గరికొచ్చేసరికి లోపల ఎవరో వయొలిన్ సాధన చేస్తున్నారు, ఒకే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తున్నారు, ముగ్గురం గేటు పక్కన నిలబడిపోయాం. 1919లో పెట్టిన కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ఆ తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఘంటసాల గారు ఇక్కడ చదువుకున్న రోజుల్లో జోలె పట్టుకుని ఇంటింటికీ మధుకరానికి వెళ్ళేవారు. ఈ వీధుల్లో ఆడవాళ్ళు వేసిన అన్నం తిని ఆయన పాట నేర్చుకున్నారని చెబుతూంటే మా అత్తగారికి కళ్ళు చెమర్చాయి.

ఇంతవరకూ బాగానే ఉంది. ఇక్కడినుంచే నేను ఈ ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెబుతాను.

సంగీతం వినడానికి ఆగిన పది నిమిషాల్లో మా అత్తగారి కాళ్ళు పట్టేశాయి. ఎక్కడైనా కూర్చోబెడదామని చూశాను. బెంచీ లేదు, అరుగు లేదు, నీడ లేదు. మెల్లగా మళ్ళీ బజారు వైపు నడిపించుకుని వచ్చి, తెరవని ఒక కొట్టు మెట్ల మీద కూర్చోబెట్టాను. ఐదు నిమిషాలు కాలేదు, కొట్టాయన వచ్చాడు. "లెగండమ్మా, బేరాల ఏళ" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, ఆయన షట్టర్ ఆయన తీసుకోవాలి కదా. కానీ ఆవిడ నా భుజం పట్టుకుని లేవడానికి పడ్డ అవస్థ చూసి నాకు ఏడుపొచ్చింది. ఏళ్ళ తరబడి ఈ బజార్లో పెళ్ళి చీరలు, మంగళసూత్రాలు, మనవల బారసాల గిన్నెలు కొన్న మనిషి ఆవిడ.

రెండోది చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. ఎండలో అంతసేపు తిరిగినా మా మేనకోడలు మంచినీళ్ళ సీసా మూత తియ్యలేదు. ఎందుకే అంటే, "బాత్రూమ్ ఎక్కడుందో తెలీదు కదత్తా" అంది. అప్పుడు ఆలోచిస్తే నేనూ తాగలేదు. బజారుకి వెళ్ళే రోజు నీళ్ళు తక్కువ తాగడం మాకందరికీ అలవాటే. గంట్యాడ, నెల్లిమర్ల, డెంకాడ, గజపతినగరం నుంచి బస్సుల్లో పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా కొనుక్కునే ఆడవాళ్ళున్నారు, పసిపిల్లలతో వస్తారు, నెలలు నిండిన వాళ్ళూ వస్తారు. వాళ్ళ సంగతేంటి? తెలిసిన బట్టల కొట్లో బతిమాలుకోవాలి, అక్కడ ఏమీ కొనకపోతే ఆ మాటా అడగలేం.

సాయంత్రం ఇంటికొచ్చాక ఆ అమ్మాయి ఇంకోమాట అడిగింది, మీ ఊళ్ళో ఆడవాళ్ళు సరదాగా ఎక్కడ కూర్చుంటారు అని. హైదరాబాద్‌లో, విశాఖలో కాఫీ షాపులు, పబ్బులు ఉన్నాయి, అక్కడికి వెళ్ళేవాళ్ళు వెళ్తారు. నేను పబ్బులు కావాలని రాయడం లేదు, వద్దనీ అనను. మా ఊళ్ళో ఆ పని చేసేది టీ బండి. ఆఫీసు కబుర్లు, ఎన్నికల కబుర్లు, పెళ్ళి సంబంధాలు అన్నీ ఆ బండి చుట్టూనే, కానీ నిలబడి కబుర్లు చెప్పుకునేదంతా మగవాళ్ళే. ఆడవాళ్ళం గ్లాసు పట్టుకుని నిలబడితే ఇప్పటికీ తలతిప్పి చూస్తారు. అదే పక్కన రెండు బెంచీలుంటే మేమూ దర్జాగా కూర్చుని తాగుతాం. అయ్యకోనేరు గట్టు మీద తెల్లవారే ఎంత హాయిగా ఉంటుందో ఒక్కసారి వచ్చి చూడండి, నీళ్ళ మీదనుంచి గాలి వస్తుంటే ఎవరూ గట్టిగా మాట్లాడరు. వయసు మళ్ళినవాళ్ళు అక్కడ నడుస్తారు. అలసిపోతే కూర్చోడానికి వాళ్ళకీ చోటు కావాలి.

కాబట్టి మీ పత్రిక ద్వారా అధికారులని, బజారు వర్తకులని, మా ప్రజాప్రతినిధులని అడుగుతున్నాను. ఘంటస్తంభం నుంచి మూడు లాంతర్ల మీదుగా కోట దాకా నీడపట్టున అక్కడక్కడా సిమెంటు బెంచీలు వేయించండి. ఆ దారిలో ఆడవాళ్ళకి ఒక్క మరుగుదొడ్డి కట్టించండి, కట్టి తాళం వేసెయ్యకుండా పొద్దున్నుంచి కొట్లు మూసేదాకా తెరిచి ఉంచండి, నీళ్ళుండాలి, శుభ్రం చేసే మనిషికి సరిగా జీతమివ్వాలి. మనిషికి ఐదు రూపాయలు తీసుకున్నా ఇస్తాం. దీనికి పెద్ద ప్రాజెక్టులేమీ అక్కర్లేదు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు లక్షల మంది వస్తే తాగునీళ్ళ దగ్గర్నుంచి అన్నీ చూసుకునే ఊరు ఇది, మిగతా రోజుల్లో ఇంతమాత్రం చెయ్యలేదంటే నేను నమ్మను. మీరు కూడా ఒక ఆదివారం మీ విలేకరిని, కుదిరితే ఒక ఆడమనిషిని, పొద్దున్నే ఘంటస్తంభం దగ్గరికి పంపించండి. అరకు గురించి రాసినంత శ్రద్ధగా ఈ సందుల గురించి రాయండి.

దసరాకి మా మేనకోడలు మళ్ళీ వస్తానంది, సిరిమాను చూడాలట. మా అత్తగారు అప్పుడే బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నారు, "ఇంట్లో ఎర్ర స్టూలుంది కదా, అది పట్టుకుపోదాం" అంటున్నారు.

ఇట్లు,
మీ పాఠకురాలు,
కంటోన్మెంట్, విజయనగరం.